మార్చిలో మాత్రమే దర్శనమిచ్చే స్కూల్ గ్రాంటు గారికి

గౌరవనీయులైన కాంపోజిట్ స్కూల్ గ్రాంటు గారికి,

కంచరపాలెం వైపు ఒక మున్సిపల్ ప్రాథమిక పాఠశాల విద్యా కమిటీ మెంబరు నమస్కరించి రాయునది. మీరు క్షేమమనే అనుకుంటున్నాను, ఎందుకంటే మీరు తొందరపడి ఆయాసం తెచ్చుకునే రకం కాదని మా బడిలో ఒకటో తరగతి పిల్లలక్కూడా తెలుసు. బడి జూన్ 12న తెరుస్తారు. మీరు మాత్రం దసరా దాటించి, సంక్రాంతి దాటించి, పిల్లలు పరీక్ష అట్టలు వెతుక్కునే వేళకి మార్చి ఎండలో దర్జాగా దిగుతారు. దిగీ దిగగానే "31లోగా నన్ను ఖర్చు పెట్టెయ్యాలి, లేదంటే వెనక్కి పోతాను, యూసీ, అంటే ఖర్చు పెట్టినట్టు సర్టిఫికెట్, కూడా పంపాలి" అని హుకుం ఒకటి. అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదంటారు, మీ విషయంలో తొమ్మిదో పదో అమావాస్యలు గడిచిపోయాక గానీ అయ్యవారి జాడ ఉండదు. ఏ ఏడైనా ఒక విడత ముందుగా పడిందంటే హెచ్ఎం మేడమ్ ఫోన్‌లో మెసేజ్‌ని మళ్లీ మళ్లీ చదువుకుంటారు, పొరపాటున ఎవరిదో వచ్చి పడిందేమోనని.

మీ గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు చెప్పాలి. 2018లో బడుల కోసం సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం వచ్చినప్పుడు పాత స్కూల్ గ్రాంటునీ, మెయింటెనెన్స్ గ్రాంటునీ కలిపి మిమ్మల్ని తయారుచేశారు. చాక్‌పీసులు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, పాడైన కుళాయి, ఫ్యాను, ఫినాయిల్, తాగునీరు, చిన్నాచితకా రిపేర్లు, అన్నీ మీ నెత్తినే. మీరు ఎంత రావాలో పిల్లల తలలు లెక్కపెట్టి తేలుస్తారు. 30 మంది దాకా అయితే 10,000 రూపాయలు, 100 దాకా 25,000, 250 దాకా 50,000, 1000 దాకా 75,000, ఆ పైన ఎంతమంది ఉన్నా లక్ష. అది నెలకి కాదండీ, ఏడాదికి.

ఈ లెక్క చేసినవాళ్లకి లెక్కలు ఎవరు చెప్పారో గానీ, సరిగ్గా వెయ్యిమంది పిల్లలున్న హైస్కూలుకి 75,000 అంటే తలకి ఏడాదికి 75 రూపాయలు. ఆర్కే బీచ్‌లో ఇద్దరు మురీ మిక్స్‌చర్ పొట్లాలు పట్టుకుని సముద్రం వైపు నడిస్తే అయిపోయే డబ్బు. వెయ్యిన్నొకటో పిల్లాడు చేరాడంటే ఒక్క దెబ్బతో 25,000 పెరుగుతాయి, వాడికి ఎదురెళ్లి దండేసి తీసుకురావచ్చు. ఆ తర్వాత ఇంకో రెండువేల మంది చేరినా మీరు పైసా కదలరు. మధురవాడ వైపు ఊరు ఎలా పెరుగుతోందో, అక్కడి హైస్కూళ్లలో ఎంతమంది పిల్లలు కిక్కిరిసి కూర్చుంటున్నారో మీరెప్పుడైనా ఆటో ఎక్కి వెళ్లి చూస్తే బాగుండేది, కానీ మీకు కాళ్లు లేవు, పోర్టల్ ఉంది.

మా సంగతి మరీ విచిత్రం. నిరుడు మా బడిలో 103 మంది. ఈ ఏడు 97. ఆ ఆరుగురిలో ఒక ఇంటివాళ్లు కూలి పనికని పరవాడ వెళ్లిపోయారు, ఇద్దర్ని సందు చివరిదాకా వచ్చే ప్రైవేటు స్కూలు వ్యాన్ ఎక్కించారు, మిగతావాళ్లు అమ్మమ్మగారి ఊళ్లకి. ఆరుగురు తగ్గితే మీరు సగానికి సగం చిక్కిపోయారు, 50,000 నుంచి 25,000కి. మరి ఆరుగురు పోయారని మోటారు సగం నీళ్లే తోడుతుందా? ఫ్యాను సగం తిరుగుతుందా? బాత్రూమ్ గోడ సగమే పాకురు పడుతుందా? 103 మందికి ఎన్ని గదులు ఊడ్చాలో 97 మందికీ అన్నే ఊడ్చాలి. ఇప్పుడు మా హెచ్ఎం మేడమ్ పరిస్థితి ఏంటంటే, ఇంకో నలుగురు పిల్లలు దొరికితే వంద మంది స్లాబు దాటేస్తామని, కూరగాయల బండి దగ్గర కూడా "మీ ఇంట్లో ఐదేళ్లు నిండిన పిల్లలున్నారా అమ్మా" అని అడుగుతున్నారు. టార్గెట్లు పెట్టుకుని తిరిగే పాలసీ ఏజెంట్లకైనా కమీషన్ వస్తుంది. డబ్బుల్లేక బడి పాడవుతుంది, బడి పాడైందని పిల్లలు పోతారు, పిల్లలు పోయారని మీరు ఇంకా తగ్గుతారు, చివరికి ఎవరో ఒక పెద్దమనిషి వచ్చి "పిల్లలే లేరు కదా, ఈ బడి ఎందుకు, పక్కదాంట్లో కలిపేద్దాం" అంటాడు. ఈ నాటకంలో మీది చిన్న వేషం కాదని తెలుసుకోండి.

ఇంకో చిన్న లెక్క. మీలో కనీసం 10 శాతం శుభ్రతకి వాడాలని రూలు ఉంది, మంచిదే. 25,000లో అది 2,500. ఏడాదికి బడి నడిచే రోజులు సుమారు 220 అనుకుంటే రోజుకి పదకొండు రూపాయలు చిల్లర. ఇంకో రూపాయో రెండో కలిపితే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక టీ వస్తుంది. ఆ డబ్బుతో 97 మంది వాడే బాత్రూమ్‌లు తళతళలాడాలి. కొన్నాళ్ల కిందటి దాకా ఎంత తళతళలాడాయో టీచర్లు ఫొటో తీసి యాప్‌లో ఎక్కించాల్సి వచ్చేది కూడా. రోజూ పొద్దున్నే పాఠం కన్నా ముందు బాత్రూమ్ ఫొటో తీసే ఉద్యోగానికి టీచర్ ట్రైనింగ్ ఎందుకో నాకైతే అర్థం కాలేదు.

ఇక మోటారు సంగతి. ఇది మీకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే "క్వాలిటీ, క్వాలిటీ" అని మీటింగుల్లో తెగ మాట్లాడతారు, ఆ క్వాలిటీ మా బడిలో వన్ హెచ్‌పీ మోటారు మీద ఆధారపడి ఉందని ఎవరూ అనరు. ఆగస్టులో మోటారు మొరాయించింది. స్విచ్ వేస్తే గుర్రుమనడం, మాడు వాసన, అంతే. మెకానిక్ వచ్చి మూత విప్పి, లోపల పచ్చగా తుప్పు పట్టిన వైర్లు చూపించి, "కాయిల్ కాలిపోనాదమ్మా, ఈ ఉప్పుగాలికి ఏటి ఆగుతాది, రీవైండింగ్ చేయించాల" అన్నాడు. రీవైండింగుకి, కండెన్సర్‌కి, బేరింగులకి, రాను పోను ఆటోకి కలిపి 3,200. మీ ఖాతా జీరో బ్యాలెన్స్ ఖాతా. పేరుకి తగ్గట్టే ఉంది. మెకానిక్‌కి మార్చిలో ఇస్తామంటే వాడు నవ్వాడు, పాపం మర్యాదగానే.

ఆ నీళ్లు లేని రోజుల్లో ఏం జరిగిందో వినండి. నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు బాత్రూమ్‌కి పోవాల్సి వస్తుందని పొద్దుట్నుంచి నీళ్లు తాగడం మానేశారు. భోజనం బెల్లు కొట్టగానే తినేసి ఇళ్లకి వెళ్లిపోయేవాళ్లు. వెళ్లినవాళ్లలో సగం మంది తిరిగి రాలేదు. అటెండెన్స్ పొద్దున్నే యాప్‌లో పడిపోతుంది కాబట్టి పైవాళ్ల కంప్యూటర్‌లో మా బడి హాజరు భేష్. ఐదో తరగతికి మధ్యాహ్నం లెక్కల క్లాసు. నా కూతురు భిన్నాల కూడిక దగ్గర ఇప్పటికీ తడబడుతుంది, హారాలు వేరైతే పైవీ కిందవీ కలిపేస్తుంది, ఆ పాఠం చెప్పిన వారమంతా అది మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది కనక. చివరికి మేడమ్ తన జీతంలోంచి మోటారు బాగుచేయించారు. ఇలాంటివి తలచుకునే కాబోలు, టీచర్స్ డే నాడు వాళ్లని దేవుళ్లంటారు. దేవుడికైతే హుండీ ఉంటుంది.

అంతకుముందు మార్చిలో మీరొచ్చారు. వచ్చి ఏం చేశారు? ఆఖరి వారంలో కొటేషన్లు, బిల్లులు, స్టాంపులు, టెన్షన్. ఏప్రిల్ ఆఖర్లో సెలవులిచ్చేస్తారని తెలిసీ ఫినాయిల్ డబ్బాలు బీరువా నిండా కొన్నారు. వేసవి సెలవులంతా అవి తాళం వేసిన గదిలో చల్లగా పడుకున్నాయి.

ఇంత ఊళ్లో డబ్బుల్లేవంటే నేను నమ్మను, మీరూ నమ్మకండి. 2023 మార్చిలో, అంటే మీరు దిగే నెలలోనే, ఇక్కడ ఇన్వెస్టర్ల సమ్మిట్ జరిగింది, అదే నెలాఖర్లో జీ20 సమావేశం జరిగింది. బీచ్ రోడ్డులో డివైడర్లు, గోడలు, లైట్లు, పూలకుండీలు అన్నీ చకచకా సింగారించుకున్నాయి. పని కావాలనుకుంటే ఎంత వేగంగా అవుతుందో ఊరంతా కళ్లారా చూసింది. మా బడికీ రంగులు వేశారండోయ్, కాదనను. గోడలమీద అక్షరాలు, బొమ్మలు, మంచి బెంచీలు, ఇవన్నీ గత కొన్నేళ్లలో వచ్చాయి, ఏ పార్టీ తెచ్చినా పిల్లలకి వచ్చాయి, సంతోషం. కానీ కట్టినదాన్ని నడపడానికి డబ్బు ఇవ్వకపోతే ఎలా? కట్టించినవాళ్లకి శిలాఫలకం ఉంటుంది, ఫినాయిల్ కొన్నవాళ్లకి ఉండదు, అదీ అసలు కిటుకు. పైన పటారం, లోన లొటారం.

మీ వంశం గురించి కూడా కాస్త వాకబు చేశాను. మీ తాతగారు ఆరు శాతం. 1964-66 నాటి కొఠారి కమిషన్ దేశ ఆదాయంలో ఆరు శాతం చదువుకి పెట్టాలంది. 1968 జాతీయ విద్యా విధానంలో ఆయన పేరు తలిచారు, 1986లో తలిచారు, 2020లో మళ్లీ తలిచారు. ఏటా తద్దినం పెట్టినట్టు తలుచుకోవడమే గానీ ఆయన గడప తొక్కింది లేదు. మీ మేనమామ సెస్సు గారు, అంటే పన్ను మీద వేసే పన్ను, ఇంకా ఘనుడు. 2004లో చదువు పేరు చెప్పి 2 శాతం వసూలు మొదలెట్టారు, 2007లో ఇంకో శాతం తగిలించారు, 2018 నుంచి ఆరోగ్యాన్ని కూడా వెంటేసుకుని 4 శాతం. ఈయనగారి వసూళ్లలో రాష్ట్రాలకి వాటా లేదు. సెకండరీ, ఉన్నత విద్య పేరుతో 2006-07 నుంచి 2016-17 దాకా వసూలైన 83,497 కోట్లకి ప్రత్యేక నిధి కూడా ఏర్పాటు చేయలేదని ప్రభుత్వ లెక్కలు ఆడిట్ చేసే కాగ్ తప్పుపట్టింది. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్టుకోవడానికి చోటు లేదు అన్నట్టుంది మీ కుటుంబం. ఇక మీరేమో అరవై పైసలు ఢిల్లీవి, నలభై పైసలు రాష్ట్రానివి. మాకు రెండూ ఒక్కటే, రూపాయి వస్తే చాలు.

అమ్మల ఖాతాల సంగతి కూడా చెప్పేస్తాను. 2025లో తల్లికి వందనం కింద 15,000లో బడుల నిర్వహణకని 2,000 తీసి 13,000 వేశారు. అంతకుముందు అమ్మ ఒడిలోనూ మొదట వెయ్యి, తర్వాత రెండువేలు తీశారు. తీసుకోండి, బడికోసమే కదా. అయితే 97 మందికి తలా 2,000 అంటే 1,94,000. మీరిచ్చేదానికి ఏడు రెట్ల పైమాటే. మా పేరున తీసిన డబ్బుకి బడివారీ లెక్క బడి గోడమీద రాస్తే ఎవరి సొమ్మేం పోతుంది? మధ్యాహ్న భోజనం మెనూ రాస్తున్నారుగా, ఆ పక్కనే.

ఇప్పుడు అసలు విషయానికొస్తున్నా. విద్యాహక్కు చట్టం, 2009. అందులో 21వ సెక్షన్ మాలాంటి కమిటీలకి సంబంధించింది, నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఇది అందరికీ తెలుసు, సంతకాలకి మమ్మల్ని పిలుస్తారు కాబట్టి. దాని కిందనే 22వ సెక్షన్ ఉంది, దాని గురించి మాకెవరూ చెప్పలేదు. బడి అభివృద్ధి ప్రణాళిక కమిటీయే తయారుచేయాలి, ప్రభుత్వమైనా స్థానిక సంస్థ అయినా ఇచ్చే గ్రాంట్లకి ఆ ప్రణాళికే ఆధారం కావాలి అని రాసి ఉంది. అంటే, మేం అడిగినదాన్ని బట్టి మీరు రావాలి. మీరు వచ్చినంతలో మేం సర్దుకోవడం కాదు. ఇన్నేళ్లూ మీరు పైనుంచి స్లాబులు పట్టుకుని దిగుతుంటే మేం చేతులు కట్టుకుని నిలబడ్డాం.

అందుకని మా కమిటీలో ఆడవాళ్లం కూర్చుని ప్రణాళిక రాశాం. పెద్ద పెద్ద కోరికలేం లేవు. మోటారు సర్వీసింగ్ ఏడాదికి రెండుసార్లు, ట్యాంకు కడగడం, ఫ్యాన్లు, ట్యూబులైట్లు, బాత్రూమ్ సామాను నెలవారీగా, లైబ్రరీ పుస్తకాలు, వెనకబడ్డ పిల్లలకి సాయంత్రం గంటసేపు పాఠం చెప్పడానికి ఒకరికి గౌరవ వేతనం. ప్రతిదానికీ షాపులో అడిగి రేటు రాశాం. పిల్లల సంఖ్య ఎంతున్నా బడికి కనీస ఖర్చు ఇంత అని ముందు ఇచ్చి, ఆపైన తలకి ఇంత అని లెక్కకట్టాలి, మొదటి విడత జూన్‌లోనే పడాలి అని కింద రాశాం. మహారాణిపేట కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. గత మూడేళ్లలో మీరు ఏ తేదీన బయల్దేరారు, ఏ ఆఫీసులో ఎన్నాళ్లు ఆగారు అని పది రూపాయలు కట్టి ఆర్టీఐ కూడా పెట్టాం, 30 రోజుల్లో జవాబు రావాలి. జ్ఞానాపురం, అల్లిపురం, గాజువాక వైపు బడుల తల్లులు మా ప్రణాళిక ఫొటో తీసుకుని వెళ్లారు, అంకెలు మార్చుకుని వాళ్లూ ఇస్తారట. ఎవరికైనా కావాలంటే అడగండి, పంపిస్తాం, ప్రైవేటు బడి పిల్లల తల్లులైనా సరే, రేపు మనవలైనా మా బడికి రావచ్చు.

గేటు పక్కన బోర్డు ఒకటి రాయించాం. మీ పేరు, రావాల్సిన మొత్తం, వచ్చిన మొత్తం, వచ్చిన తేదీ. ఆఖరి రెండు గడులూ ఖాళీ. కార్పొరేటర్ గారు చూసి "ఇదేంటమ్మా, బయటివాళ్లు చూస్తే బావుండదు కదా" అన్నారు. బయటివాళ్లు చూడాలనే రాయించామండీ అన్నాం. పెయింటర్‌కి ఇచ్చిన 600 మేం తలాకాస్తా వేసుకున్నాం, మీ యూసీలో చూపించనక్కర్లేదు.

ఇట్లు,
ఐదో తరగతి పిల్ల తల్లి,
విద్యా కమిటీ మెంబరు, విశాఖపట్నం