చింతపిక్కల లెక్క చాలు, యాప్ వద్దు

మా అక్క జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతుంది. నిరుడు జులైలో ఒక సాయంత్రం ఆమెను తీసుకురావడానికి బండి మీద వెళ్లాను. నాలుగు దాటింది, పిల్లలు వెళ్లిపోయారు. స్టాఫ్ రూమ్‌లో ఎవరూ లేరు. బీరువా తలుపుకి ఒక డ్రాయింగ్ షీట్ అతికించి ఉంది. హెచ్‌ఎం దగ్గర్నుంచి వంటమ్మ దాకా పద్నాలుగు మంది పేర్లు, రెండు జట్లుగా. కిటికీలో రెండు హార్లిక్స్ సీసాలు. ఒకదాంట్లో సగం దాకా, రెండోదాంట్లో కాస్త తక్కువగా చింతపిక్కలు. బయట గ్రౌండ్‌లో కుచ్చిళ్లు కొంచెం పైకి దోపుకుని, కాన్వాసు బూట్లు వేసుకుని మా అక్క, హిందీ మేడమ్, ఆయా గబగబా నడుస్తున్నారు. గ్రౌండ్ చుట్టూ ఒకసారి తిరిగొస్తే సీసాలో ఒక పిక్క. నెలాఖరుకి ఏ సీసాలో ఎక్కువుంటే ఆ జట్టు గెలిచినట్టు. ఓడినవాళ్లు అందరికీ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెట్టించాలి.

ఇంతే సంగతి. జీవో లేదు, సర్క్యులర్ లేదు, బడ్జెట్ లేదు. ఇలాంటి నెలనెలా పందెం రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి బడిలోనూ ఉండాలని నా వాదన. అంతకన్నా గట్టిగా చెప్పదల్చుకున్నది ఇంకొకటి ఉంది. ఆ పందెం ఆ బడివాళ్ల చేతుల్లోనే ఉండాలి. పైనుంచి ఎవరూ వేలు పెట్టకూడదు.

టీచర్ అంటే రోజంతా తిరిగే ఉద్యోగం అనుకుంటారు చాలామంది. కాదు, రోజంతా నిలబడే ఉద్యోగం. బోర్డు ముందు నాలుగడుగుల జాగాలో ఆరు పీరియడ్లు నిలబడితే కాలి పిక్కలు రాళ్లవుతాయి, మడమలు వాస్తాయి, కొందరికి కాళ్ల నరాలు ఉబ్బి నల్లగా మెలికలు తిరుగుతాయి. బాత్రూమ్ సరిగ్గా లేని బళ్లలో లేడీ టీచర్లు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా బిగబట్టుకుంటారు. ఇంటికెళ్లాక నోట్సులు దిద్దుతూ కూర్చోవడం, వంటింట్లో మళ్లీ నిలబడటం. మా అక్క వాళ్ల స్టాఫ్ రూమ్‌లో నలభై దాటిన చాలామంది హ్యాండ్‌బ్యాగుల్లో టిఫిన్ బాక్సు పక్కన మాత్రల స్ట్రిప్పు ఉంటుంది. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వాళ్ల సర్వే 2023లో బయటపెట్టిన లెక్క ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో 11.4 శాతం మందికి షుగర్, 35.5 శాతం మందికి బీపీ. మరుసటి ఏడాది లాన్సెట్ గ్లోబల్ హెల్త్ వైద్య పత్రికలో ఇంకో లెక్క వచ్చింది. 2022 నాటికి మన ఆడవాళ్లలో 57 శాతం, మగవాళ్లలో 42 శాతం మంది ఒంటికి కావాల్సినంత కదలిక లేకుండా బతుకుతున్నారు. ఆ 57 అంకె దగ్గరికి మళ్లీ వస్తాను, నా బాధంతా అక్కడుంది.

నెల లెక్కనే ఎందుకంటే, బడి నడిచేదే నెల లెక్కన. హాజరు పట్టీలో పేజీ తిరిగేది నెలకోసారి, జీతం పడేది నెలకోసారి. ఏడాది లక్ష్యం పెట్టుకుంటే సంక్రాంతి సెలవులకల్లా మర్చిపోతాం. ఒక్కరోజు కార్యక్రమమైతే ఫొటోతో సరి. 2025 జూన్ 21న విశాఖ ఆర్కే బీచ్‌లో ప్రధాని వచ్చి అంత పెద్ద యోగా దినోత్సవం చేశారు, మంచిదే, చాలామందికి తొలిసారి చాప పరిచే సందర్భం దొరికింది. అయితే ఒంటికి కావాల్సింది జూన్ 22న ఏం చేశామన్నది. నెల అనేది అలవాటు పడటానికి చాలినంత పొడుగు, విసుగు పుట్టనంత పొట్టి. ఓడిపోయినా ముప్పై రోజుల్లో మళ్లీ సున్నా నుంచి మొదలు.

రోజుకి పదివేల అడుగులు వేయాలనే మాట మాత్రం పక్కన పెట్టేయండి. 1964 టోక్యో ఒలింపిక్స్ వేడి చల్లారకముందే, 1965లో జపాన్‌లో ఒక కంపెనీ నడుముకి తగిలించుకునే అడుగుల మీటర్ అమ్మకానికి పెట్టింది. దాని పేరు మాంపో-కే, అంటే ‘పదివేల అడుగుల మీటర్’. గుండ్రంగా, గుర్తుండిపోయేలా ఉన్న అంకె కాబట్టి ప్రపంచమంతా పాకిపోయింది. అమెరికాలో సుమారు 17 వేల మంది పెద్దవయసు ఆడవాళ్ల నడక కొలిచి 2019లో బయటపెట్టిన పరిశోధన ప్రకారం, రోజుకి 2,700 అడుగులు వేసినవాళ్లకన్నా 4,400 వేసినవాళ్లలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. 7,500 దాటాక అదనపు లాభం పెద్దగా లేదు. అంటే పెద్దగా నడవని మనిషి ఇంకో పదిహేను ఇరవై నిమిషాలు నడిస్తే చాలు, పెద్ద మెట్టు ఎక్కేసినట్టే. పందెం పెట్టేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే సగం మంది భయం పోతుంది.

ఇక వేలు పెట్టొద్దని ఎందుకంటున్నానో చెబుతాను. అమెరికాలో వెస్ట్ వర్జీనియా అని బొగ్గు గనుల రాష్ట్రం. అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల బీమా సంస్థ, బడుల్లో పనిచేసేవాళ్లందర్నీ కలుపుకుని, ఒక పథకం వేసింది. గో365 అనే యాప్ ఫోన్‌లో పెట్టుకోవాలి. అడుగులు లెక్కించి, ఆరోగ్య వివరాలు ఇచ్చి 3,000 పాయింట్లు సంపాదించాలి. లేదంటే నెలకి 25 డాలర్లు అదనంగా కట్టాలి, ఆస్పత్రి ఖర్చులో తమ వాటా ఇంకో 500 డాలర్లు పెరుగుతుంది. అసలే జీతాలు తక్కువ, బీమా ఖర్చు ఏటా పెరుగుతోంది. దాని మీద, నువ్వెంత నడిచావో మాకు చూపించు అనేసరికి టీచర్లకు ఒళ్లు మండింది. గవర్నర్ ఆ యాప్ నిబంధనను వెనక్కి తీసుకున్నా కోపం చల్లారలేదు. 2018 ఫిబ్రవరి 22న మొదలైన సమ్మెలో రాష్ట్రంలోని 55 కౌంటీల్లోనూ (మన జిల్లాల్లాంటివి) బళ్లు మూతపడ్డాయి. టీచర్లతో పాటు బస్సు డ్రైవర్లు, వంటవాళ్లు కూడా బయటికొచ్చారు. తొమ్మిది పనిదినాల తర్వాత 5 శాతం జీతం పెంపు సాధించుకుని మార్చి 7న బడికి వెళ్లారు. అసలు పోరాటం జీతం, బీమా ఖర్చుల మీద. కానీ సామాన్య టీచర్‌కి ఇది తన సొంత ఒంటి మీద పెత్తనం అని తెలిసొచ్చింది ఆ యాప్ వల్లే.

నడక మంచిదే. అడుగులు లెక్కపెట్టుకోవడమూ మంచిదే. పక్క టేబుల్ దగ్గర కూర్చునే సార్ లెక్కపెడితే అది సరదా, జీతం ఇచ్చేవాడు లెక్కపెడితే అది నిఘా. రెండూ ఒకే అడుగులు.

ఇది మనకి దూరపు కథ కాదు. మన టీచర్ ఫోన్ ఇప్పటికే యాప్‌లతో నిండిపోయింది. హాజరుకి ముఖం చూపించాలి, మధ్యాహ్న భోజనానికి లెక్క పంపాలి, గుడ్లకి వేరే, చిక్కీలకి వేరే. ఆంధ్రలో అయితే కొన్నేళ్లు బడి బాత్రూమ్‌ల ఫొటోలు తీసి ఎక్కించే పని కూడా వాళ్లదే. అక్క వాళ్ల బళ్లోనే చూశాను. సెప్టెంబర్‌లో తనిఖీకి వచ్చిన ఒక అధికారి బీరువా మీద షీట్ చూసి నిజంగానే మెచ్చుకున్నారు. బాగుంది, రోజూ ఒక ఫొటో గ్రూపులో పెట్టండి, మిగతా బళ్లకి కూడా చెబుదాం అన్నారు. ఆయన ఉద్దేశం మంచిదే. మర్నాటి నుంచి నాలుగింటికి గ్రౌండ్‌లో ముందు వరసలో ఎవరు నిలబడాలి, ఫొటో ఎవరు తీయాలి, ఎవరు రాలేదో ఎందుకు రాలేదో ఏం రాయాలి అని టెన్షన్. పది రోజుల్లో సీసాల్లో పిక్కలు పడటం ఆగిపోయింది. హెచ్‌ఎం ధైర్యం చేసి, సార్, ఇది మేం సరదాకి పెట్టుకున్నది, రిపోర్ట్‌లో వద్దండి అని చెప్పాక అక్టోబర్‌లో మళ్లీ మొదలైంది. ఆ హెచ్‌ఎం చేసిన పని చాలామంది చేయలేరు. అందుకే ఆ మాట ఇక్కడ రాస్తున్నాను.

ఇందులో ఫలితమేమీ ఉండదు, అసలే పని ఒత్తిడిలో ఉన్నవాళ్లకి ఇంకో తలనొప్పి అనేవాళ్లున్నారు. వాళ్ల వైపు ఆధారమూ ఉంది. అమెరికాలో ఒక రిటైల్ కంపెనీకి చెందిన 160 చోట్ల సుమారు 33 వేల మంది ఉద్యోగుల మీద జరిగిన పరిశోధన 2019లో జామా వైద్య పత్రికలో వచ్చింది. కంపెనీ పెట్టిన ఆరోగ్య కార్యక్రమం వల్ల ఏడాదిన్నరలో, వ్యాయామం చేస్తున్నామని చెప్పినవాళ్లు పెరిగారు తప్ప బీపీ, కొలెస్ట్రాల్, వైద్య ఖర్చు, సెలవులు ఏవీ పెద్దగా మారలేదు. ఒప్పుకుంటాను. ఆస్పత్రి బిల్లు తగ్గించడానికి ఈ పందెం పెట్టమని నేను అడగడం లేదు. పదేళ్లుగా ఒకే స్టాఫ్ రూమ్‌లో కూర్చుంటూ, డీఏ బకాయిలు, బదిలీల గురించి తప్ప ఇంకేమీ మాట్లాడుకోని మనుషులు సాయంత్రం ఓ పావుగంట పక్కపక్కన నడుస్తారు. నాకు ఆ పావుగంట చాలు. పని ఒత్తిడి మాటకొస్తే, ఒత్తిడి పెట్టేది నడక కాదు, నడిచినట్టు రుజువు చూపించమనడం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. బడి సిబ్బంది అంటే టీచర్లే కాదు. మొదటి నెల అడుగుల పందెంలో వంటమ్మని చేర్చుకున్నప్పుడు ఆమె, అమ్మా, నేను పొద్దున్నే బియ్యం బస్తా లాగిన కాడ్నుంచి నిలబడే ఉన్నా, ఇంకా ఎక్కడ నడవను అందట. నిజమే కదా. పనిలో పడే శ్రమ, తీరిగ్గా చేసే వ్యాయామం శరీరానికి ఒకటి కాదు. బరువులెత్తుతూ, వంగుతూ, పొగలో గంటలకొద్దీ చేసే పని గుండెకి మేలు చేయకపోగా అరగదీస్తుందని కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. ఆంధ్రలో ఆమెకిచ్చే గౌరవ వేతనం నెలకి 3,000 రూపాయలు. అడుగుల పట్టికలో ఆమెని మొదటి స్థానంలో రాసి చప్పట్లు కొట్టడం అన్యాయం. అక్క వాళ్లు నవంబర్‌లో పందెం మార్చారు. వంటగదిలో ఎవరూ కింద కూర్చుని, వంగి కూరగాయలు తరగకూడదు, పెద్ద గిన్నె ఒక్కరే ఎత్తకూడదు. తలో వంద వేసుకుని నడుం ఎత్తులో ఒక చెక్క బల్ల చేయించారు. గిన్నె దించేటప్పుడు రెండో చెయ్యి వేసినవాళ్ల జట్టుకి ఒక పిక్క. ఆ నెల లెక్కల సార్ జట్టు గెలిచింది. వంటమ్మకి నడుం పట్టేయడం తగ్గింది.

ఇప్పుడు ఆ 57 శాతం సంగతి. నన్ను ఈ వ్యాసం రాయించింది ఆగస్టు నెల.

ఆగస్టులో పందెం తాడాట. హిందీ మేడమ్‌కి నలభై ఏడేళ్లు. తాడు చేతిలోకి తీసుకుని చివరిసారి ఎప్పుడు ఆడానో గుర్తు తెచ్చుకుంటానని కాసేపు అలాగే నిలబడిపోయిందట. ఏడో తరగతి. ఓణీ వేశాక ఇంట్లో వద్దన్నారు. ముప్పై అయిదేళ్ల తర్వాత మొదటి రోజు ఆరు గెంతులు వేసింది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తాడు తిప్పారు, తిప్పినా లెక్కే అని రూలు. నెలాఖరుకి మేడమ్ ఆగకుండా అరవై. నేను చూసిన రోజు ఆమె జారుముడి ఊడిపోయి జుట్టు మొహం మీద పడింది, అయినా ఆపలేదు. సైకిల్ స్టాండ్ దగ్గర ఎనిమిదో తరగతి పిల్లలు నలుగురు ఇంటికెళ్లకుండా నిలబడి చూస్తున్నారు. మర్నాడు వాళ్లే వచ్చి తాడు అడిగారు.

మన ఊళ్లలో ఆడపిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి గ్రౌండ్ నుంచి వరండాలోకి, వరండాలోంచి ఇంట్లోకి వెళ్లిపోతుంది. తొక్కుడుబిళ్ల, చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, ఖోఖో అన్నీ ఒకేసారి ఆగిపోతాయి. ఎవరూ గట్టిగా మానెయ్ అనక్కర్లేదు, చుట్టుపక్కల ఆడుతున్న పెద్ద ఆడమనిషి ఒక్కరూ కనిపించకపోతే చాలు. మగవాళ్లకి ఇలా ఉండదు. నలభై ఏళ్ల సార్ ఆదివారం క్రికెట్ ఆడితే ఎవరూ తలెత్తి చూడరు. అదే వయసు మేడమ్ గెంతితే ఊరంతా కథ. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊళ్లోంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో బరువులెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ మన తెలుగమ్మాయి. ఆమెకి చప్పట్లు కొట్టాం. ఇంట్లో అమ్మ, అక్క, భార్య ఆడుకోవడానికి సాయంత్రం అరగంట అడిగితే మాత్రం అన్నం ఎవరు వండుతారని అడుగుతాం.

వ్యాయామం చేయమని ఆడవాళ్లకి చెప్పేవాళ్లు బోలెడుమంది. డాక్టర్ చెబుతాడు, టీవీ చెబుతుంది, మొగుడు చెబుతాడు. అందులో మందు వాసన ఉంటుంది. ఆడుకోమని చెప్పేవాళ్లే లేరు. గ్రౌండ్, గోడ, గేటు, పదిమంది తోటి ఆడవాళ్లు, రోజూ ఒకే టైముకి ఒకే చోట, ఇన్నీ కలిసి దొరికే జాగా పల్లెలో బడి తప్ప ఇంకోటి చూపించండి. జిమ్‌కి డబ్బులుండవు, పార్కు ఉండదు, రోడ్డు మీద నడిస్తే ఎవరి చూపులు వాళ్లవి. అందుకే నెలనెలా పందెం అనే చిన్న విషయం నాకు ఇంత పెద్దగా కనిపిస్తోంది. మీరు హెచ్‌ఎం అయితే నాలుగు తర్వాత ఇరవై నిమిషాలు గేటు తాళం వేయకండి. ఆ ఇరవై నిమిషాల్లో మీటింగ్ పెట్టకండి. మీరు టీచర్ భర్త అయితే ఆ ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఎందుకొచ్చావని అడగకండి. మా బావ జులైలో అడిగాడు. ఇప్పుడు కుక్కర్ ఆయనే పెడుతున్నాడు.

ఈ మార్చిలో ఒంటిపూట బళ్లు, పదో తరగతి పరీక్షల డ్యూటీలు. మూడు గంటలు హాల్లో నిలబడి వచ్చేవాళ్లకి ఎండలో నడక పెట్టలేదు. షీట్ మీద రాత్రి పదిన్నరకల్లా నిద్ర అని రాసుకున్నారు, ఎవరి మాట వాళ్లు నిజం చెప్పి పిక్క వేసుకోవడమే. జూన్‌లో బడి తెరిచాక ఏ పందెమో నిర్ణయించే వంతు వంటమ్మది. ఆమె అప్పుడే చెప్పేసింది, ఖోఖో అని.