చూడటం నేర్పే చదువు

అద్దానికి అవతల నాలుగేళ్ల పిల్లవాడు చెక్క దిమ్మెలతో వంతెన కడుతున్నాడు. ఇవతల చీకటి గదిలో కూర్చున్న మొదటి సంవత్సరం విద్యార్థిని నోటుపుస్తకంలో రాసుకుంటోంది. ఆ అద్దంలో లోపలి పిల్లలకు తమ ముఖాలే కనిపిస్తాయి. ఇటు కూర్చున్నవారికి మాత్రం గదంతా కనిపిస్తుంది. పది నిమిషాలు చూశాక ఆమె రాసిన వాక్యం ఇది: ‘అబ్బాయి మొండికేసి పక్క పాప దగ్గర దిమ్మె లాక్కున్నాడు.’ అధ్యాపకురాలు ‘మొండికేసి’ అన్న మాట కింద గీత గీసి, ‘ఇది నువ్వు చూసిందా, అనుకున్నదా?’ అని అడుగుతుంది. విద్యార్థిని మళ్లీ రాస్తుంది. ‘దిమ్మెను రెండు స్తంభాల మీద పెట్టబోయాడు. పొడవు చాలక పడిపోయింది. తిప్పి పెట్టాడు. మళ్లీ పడింది. పక్క పాప చేతిలో ఉన్న పొడవాటి దిమ్మె వైపు చూసి, అది కావాలన్నాడు. ఆమె ఇవ్వలేదు. తీసుకున్నాడు.’ ఈసారి ఆ వాక్యాల్లో మొండి పిల్లవాడు లేడు. దూరానికి సరిపడే పొడవును వెతుక్కుంటున్న పిల్లవాడు ఉన్నాడు.

శిశు వికాసం, పూర్వ ప్రాథమిక విద్య అనే పేర్లతో విశ్వవిద్యాలయాల్లో సాగే చదువుకు అసలు ప్రారంభం ఆ దిద్దుబాటే. ‘పిల్లల్ని ఆడించడానికి డిగ్రీ ఎందుకు?’ అని అడిగేవారు ఇప్పటికీ తక్కువేమీ కాదు. వేరే కోర్సులో సీటు రాక ఇందులో చేరారేమో అన్న చూపును ఈ విద్యార్థులు ప్రతి కుటుంబ వేడుకలోనూ భరిస్తూనే ఉంటారు. ఆ ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది: పిల్లల పెంపకం ప్రేమ ఉంటే దానంతట అదే వచ్చేస్తుందని. ప్రేమ లేనిదే ఈ పని లేదన్నది నిజం. అయితే ప్రేమగా చూసే కళ్లు కూడా ‘మొండికేశాడు’ అనే రాస్తాయి.

ఈ శాస్త్రాన్ని నిలబెట్టినవారంతా ముందు తమ కళ్లను సరిచేసుకున్నవారే. 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో పేటలో పిల్లల ఇల్లు తెరిచిన మరియా మాంటిస్సోరి వైద్యురాలు. రోగిని పరిశీలించే అలవాటునే ఆమె తరగతి గదిలోకి తీసుకువచ్చారు. 1911లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త ఆర్నాల్డ్ గెసెల్ ఒక క్లినిక్ నెలకొల్పి, పిల్లలకు తెలియకుండా వారిని గమనించే తెరలను, సినిమా కెమెరాలను శాస్త్ర సాధనాలుగా మార్చారు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో కోరా బస్సీ హిల్లిస్ అనే తల్లి చేసిన పోరాటం మాకు ఇంకా ఎక్కువగా గుర్తుండిపోతుంది. కన్నబిడ్డలను పోగొట్టుకున్న ఆమె ఏళ్ల తరబడి చట్టసభ చుట్టూ తిరిగారు. మేలైన పందులను, మొక్కజొన్నను పెంచడంపై పరిశోధనకు డబ్బు ఇస్తున్న రాష్ట్రం పిల్లల పెంపకంపై పరిశోధనకు ఎందుకు ఇవ్వదన్నది ఆమె వాదన. 1917లో అయోవా విశ్వవిద్యాలయంలో శిశు సంక్షేమ పరిశోధన కేంద్రం వెలిసింది.

ఆ విశ్వవిద్యాలయం పేరు ఎత్తాక మరో సంగతి చెప్పకుండా ఉండలేం. 1939లో అక్కడి పరిశోధకులు ఒక అనాథాశ్రమంలోని 22 మంది పిల్లలపై ప్రయోగం చేశారు. చక్కగా మాట్లాడే పిల్లల్లో కొందరికి ‘నీకు నత్తి వస్తోంది’ అని పదేపదే చెప్పి ఏం జరుగుతుందో చూశారు. ఆ పిల్లలు మాట్లాడటానికే వెనుకాడే స్థితికి వచ్చారు. విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది 2001లో! పిల్లల గురించి ఎంత తెలిసినా, పిల్లల పట్ల బాధ్యత నేర్పని చదువు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద పాఠం అక్కర్లేదు. ఈ రంగంలోకి వచ్చే ప్రతి విద్యార్థీ మొదటి సంవత్సరంలోనే దీన్ని చదవాలని మేము కోరుకుంటాం.

చూడటం నేర్చుకోవడమంటే మన ప్రశ్నను మనమే అనుమానించడం కూడా. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జాన్ పియాజే ప్రసిద్ధ ప్రయోగాల్లో ఒకటి ఇలా సాగుతుంది. రెండు వరుసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, ‘రెండూ సమానమేనా?’ అని పిల్లలను అడుగుతారు. అవునంటారు. ఒక వరుసను పెద్దవాళ్లు కాస్త ఎడంగా సర్ది, అదే ప్రశ్న మళ్లీ అడుగుతారు. నాలుగైదేళ్ల పిల్లల్లో ఎక్కువమంది పొడవుగా కనిపించే వరుసలోనే ఎక్కువ ఉన్నాయంటారు. రూపం మారినా సంఖ్య మారదన్న ఎరుక ఆ వయసులో ఇంకా రాలేదని పియాజే తేల్చారు. 1970ల్లో మనస్తత్వ పరిశోధకులు మార్గరెట్ డొనాల్డ్‌సన్, జేమ్స్ మెక్‌గారిగల్ ఇందులో ఒక్క మార్పు చేశారు. బిళ్లలను పెద్దవాళ్లు జరపలేదు. అల్లరి టెడ్డీ బొమ్మ ఒకటి పెట్టెలోంచి దూకి వచ్చి వరుసను చిందరవందర చేసింది. ఆ తర్వాత అడిగితే, అదే వయసు పిల్లల్లో చాలా ఎక్కువమంది ‘సమానమే’ అన్నారు. పెద్దవాళ్లు కావాలని ఏదో మార్చి, అడిగిందే మళ్లీ అడిగితే, జవాబు కూడా మారాలేమో అని పిల్లలు అనుకోవడం సహజమే కదా! వాళ్లు బిళ్లలతో పాటు మన ముఖాలనూ చదువుతున్నారు. ఈ వ్యాఖ్యానంపై తర్వాత చర్చలు జరిగాయి, ఇంకా జరుగుతాయి. కానీ ఒక బొమ్మను చేతిలో పట్టుకుని ఈ ప్రయోగాన్ని స్వయంగా చేసి చూసిన విద్యార్థి, తరగతిలో తప్పు జవాబు విన్నప్పుడు ముందు తన ప్రశ్న సరిగ్గా ఉందా అని ఆలోచిస్తాడు. పాఠ్యపుస్తకం చదివి పరీక్ష రాసినంత మాత్రాన ఆ అలవాటు రాదు.

మొక్కై వంగనిది మానై వంగునా అన్నది మనకు తరతరాల సామెత. పసివయసు విలువ అందులో ఉంది, కాదనలేం. అయితే ‘వంగడం’ అన్న మాట మాత్రం మమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. పిల్లలను ఎటు వంచాలో ముందే నిర్ణయించుకున్నవారికి వాళ్లు ఎటు ఎదుగుతున్నారో కనిపించదు. మూడేళ్లకే అక్షరాలు దిద్దించాలన్న తొందర పుట్టేది అక్కడే. పెన్సిల్ పట్టు కుదరాలంటే ముందు భుజం, మణికట్టు, వేళ్లు బలపడాలి. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, ఎక్కడం, వేలాడటం, ఇవన్నీ రాతకు ముందటి పాఠాలే. తల్లిదండ్రులకు ఈ సంగతి ఓపికగా చెప్పగల టీచరు తయారు కావాలంటే శరీర నిర్మాణం నుంచి భాషా వికాసం దాకా చదివి ఉండాలి. మాట ఆలస్యమైన పిల్లవాడికి వినికిడి పరీక్ష చేయించమని సమయానికి సలహా ఇవ్వగలిగేది ఆ టీచరే.

ఇక ప్రభుత్వాలకు ఇష్టమైన లెక్కల దగ్గరికి వద్దాం. పసిపిల్లల విద్యపై పెట్టే ఖర్చు ఎంత లాభమో చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం పేరు వినిపిస్తుంది. 1962లో మిచిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటి పట్టణంలో మొదలైన ఆ అధ్యయనంలో 123 మంది పేద నల్లజాతి పిల్లలు ఉన్నారు. వారిలో 58 మందికి ఆ పూర్వ ప్రాథమిక బడి దక్కింది, 65 మందికి దక్కలేదు. నలభై ఏళ్ల వయసు వచ్చాక చూస్తే బడి దక్కినవారి సంపాదన మెరుగ్గా ఉంది, అరెస్టులు తక్కువగా ఉన్నాయి. నోబెల్ పురస్కారం పొందిన ఆర్థికవేత్త జేమ్స్ హెక్‌మన్, ఆయన సహచరులు ఆ పెట్టుబడిపై రాబడి ఏటా 7 నుంచి 10 శాతం అని లెక్కగట్టారు. వేదికల మీద ఈ శాతాన్ని చెప్పేవారు మిగతాది చెప్పరు. ఆ బడిలో బోధించినవారంతా డిగ్రీ, ఉపాధ్యాయ శిక్షణ ఉన్నవారు. ఒక్కో టీచరుకు ఐదారుగురు పిల్లలే. వారానికోసారి టీచరు ఇంటికి వెళ్లి తల్లితో, బిడ్డతో గంటన్నర గడిపేవారు. టీచరుకు పాతికమంది పిల్లలను అప్పగించి, నాలుగు వారాల శిక్షణతో సరిపెట్టి, పెర్రీ లాభాలు రావాలని ఆశించడం పిల్లలను మోసం చేయడమే.

విశ్వవిద్యాలయాలు కూడా తమ వంతు తప్పు ఒప్పుకోవాలి. ఖర్చు తగ్గించాల్సి వస్తే ముందుగా కత్తెర పడేది పరిశీలన గంటల మీద, క్యాంపస్ నర్సరీ మీద. వీడియోలు చూపించడం చవక. కానీ వీడియోలో కెమెరా ఎటు తిరిగితే అటే చూడగలం. మూలన ఒంటరిగా కూర్చుని ఆటను గమనిస్తున్న పాప ఆ చట్రంలోకి రాదు. విద్యార్థి నేర్చుకోవాల్సింది సరిగ్గా ఆ మూలను చూడటమే.

జీతాల సంగతి దాటవేయడం అన్యాయం. బోధించే పిల్లల వయసు తగ్గేకొద్దీ బోధించేవారి వేతనమూ తగ్గడం చాలా చోట్ల ఉన్న రివాజు. మెదడు అత్యంత వేగంగా ఎదిగే ఏళ్లను అతి తక్కువ జీతగాళ్లకు అప్పగిస్తున్నాం. నాలుగేళ్లు చదివిన యువతి రెండేళ్లు తిరగకుండానే వేరే ఉద్యోగం వెతుక్కుంటే తప్పు ఆమెది కాదు. ఆ తరగతిలో ఆమెకు అలవాటుపడిన పిల్లలు ప్రతి ఏడాదీ కొత్త ముఖానికి అలవాటుపడాల్సి వస్తుంది. పసివాళ్లకు నమ్మకమైన పెద్దల తోడు ఎంత అవసరమో ఈ శాస్త్రమే చెబుతుంది. పూర్వ ప్రాథమిక టీచరుకు ప్రాథమిక పాఠశాల టీచరుతో సమానమైన వేతనం ఇవ్వాలి. యువకులూ ఈ తరగతుల్లోకి రావాలంటే ఇదే తొలి అడుగు.

ఈ కోర్సులో చేరబోతున్న విద్యార్థులకు మా సూచన ఒకటి. ఫీజు కట్టే ముందు విభాగాధిపతిని రెండు ప్రశ్నలు అడగండి. మొదటి సంవత్సరంలో పిల్లల మధ్య ఎన్ని గంటలు గడుపుతాం? మేము రాసిన పరిశీలనను ఎవరు చదివి, దేని కింద గీత గీస్తారు?