లెటర్ అడిగారుగా, ఇదిగో లెటర్

మహారాజశ్రీ ఇంటి ప్రింటరు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఉభయులంటే కంప్యూటరూ, రౌటరూ. వాళ్లిద్దరూ కులాసాగానే ఉన్నారు. తమరి సంగతే తేలడం లేదు. తెల్లారితే పరీక్ష, హాల్ టికెట్ పీడీఎఫ్ తెర మీద తయారుగా ఉంది. తమరేమో అలకపాన్పు ఎక్కి నారింజ దీపం ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చున్నారు. కొత్తల్లుడైతే బండి కావాలో వాచీ కావాలో నోరు తెరిచి అడుగుతాడు. తమరు అడిగేదొకటి, తమరికి కావలసింది మరొకటి. అందుకే వ్రాయునది ఏమనగా...

ముందు ఆ 'లెటర్' గొడవ. ట్రే నిండా ఎ4 కాగితాలుంటే లెటర్ పెట్టమంటారు. లెటర్ అమెరికా వాళ్ల కొలత: 216 మిల్లీమీటర్ల వెడల్పు, 279 పొడవు. మన ఎ4 210 బై 297. తెనాలిలో అడిగినా కరీంనగర్‌లో అడిగినా పుస్తకాల కొట్టువాడు ఇచ్చేది ఎ4 కట్టే. పాత లేజర్‌జెట్లయితే 'పీసీ లోడ్ లెటర్' అని చూపించేవి. పీసీ అంటే కంప్యూటర్ కాదట, పేపర్ క్యాసెట్ అట! విండోస్‌లో రీజియన్ అమెరికా అని ఉండిపోతే కాగితం కొలత కూడా తరచూ లెటర్‌గానే ఉండిపోతుంది. దాన్ని రెండు చోట్ల మార్చాలి: ప్రింటర్ తాలూకు ప్రింటింగ్ ప్రిఫరెన్సెస్‌లో ఒకసారి, ఆ డాక్యుమెంట్ పేజీ సైజులో ఇంకోసారి. ఒకచోట మార్చి ఊరుకుంటే రెండోది పాత పాటే పాడుతుంది.

ఇక 'ఆఫ్‌లైన్'. దీపం వెలుగుతోంది, వైఫై గుర్తు కూడా వెలుగుతోంది, అయినా తమరు ఊళ్లో లేరని కంప్యూటర్ చెబుతుంది. జరిగిందేమంటే, కరెంటు పోయి వచ్చాక రౌటర్ తమరికి కొత్త ఇంటి నంబరు, అదే ఐపీ అడ్రస్, ఇచ్చింది. నిన్న 192.168.1.5, ఇవాళ 192.168.1.9. కంప్యూటర్ మాత్రం పాత తలుపే కొడుతోంది. తమరి నెట్‌వర్క్ స్టేటస్ పేజీలో కొత్త నంబరు చూసి, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్‌కి వెళ్లి, దానితో స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఒకటి చేర్చాలి. రౌటర్‌లో ఆ నంబరును తమరికే రిజర్వు చేస్తే మళ్లీ ఇల్లు మారరు. రౌటరే కొత్తదైతే ఇంకో మెలిక: ఇళ్లలో వాడే ప్రింటర్లు చాలావాటికి వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 వినపడదు.

అసలు ప్రింటు తమరి దగ్గరికే రాకుండా పీడీఎఫ్ ఫైలుగా తేలుతోందంటే పాపం తమరిది కాదు. 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' ఆపేసి, తమరిని చేత్తో డిఫాల్ట్ చేస్తే సరి.

క్యూలో ఇరుక్కున్న పని డిలీట్ కొట్టినా 'డిలీటింగ్' అంటూ గంటసేపు అలాగే ఉంటుంది. దాని వెనక ఇంకో ఐదు. ఎందుకంటే విసుగొచ్చినవాడు ప్రింటు ఐదుసార్లు నొక్కుతాడు కదా. దానికి మందు సర్వీసెస్‌లో ఉంది. ప్రింటు పనుల క్యూని నడిపే ప్రింట్ స్పూలర్‌ని స్టాప్ చేసి, సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే ఫోల్డర్లలో ఒకదాంట్లోకి ఒకటిగా దిగాలి. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగితే ఇవ్వాలి. లోపల ఎస్‌పీఎల్, ఎస్‌హెచ్‌డీ అని తోకలున్న ఫైళ్లు ఉంటాయి. వాటిని తుడిచెయ్యాలి, ఫోల్డర్‌ని మాత్రం ముట్టకూడదు. స్పూలర్‌ని మళ్లీ స్టార్ట్ చెయ్యాలి. డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించే మహాయజ్ఞం దీని తర్వాతే, ముందు కాదు.

సిరా దగ్గరికి వద్దాం, తమరి అసలు అలక అక్కడే. పది రోజులు పని చెప్పకపోతే గీతలు గీతలుగా వేస్తారు. వెంటనే జనం హెడ్ క్లీనింగ్ మీద పడతారు, దగ్గొచ్చిన ప్రతిసారీ సీసాడు టానిక్ తాగించినట్టు. ముందు చేయాల్సింది నాజిల్ చెక్, అంటే హెడ్‌లో సిరా చిమ్మే సన్నని రంధ్రాలకు కాగితం మీద పరీక్ష. ఆ మెట్లమెట్ల గీతల్లో ఎక్కడ తెగిందో, ఏ రంగు తెగిందో చూశాకే క్లీనింగ్. మూడుసార్లు చేసినా తెగే ఉంటే నాలుగోది వద్దు. ఆపేసి ఒక రాత్రి, అంటే పన్నెండు గంటలు, వదిలేస్తే లోపలి బుడగలు సర్దుకుంటాయి. ఎండిన సిరా మెత్తబడుతుంది. మళ్లీ నాజిల్ చెక్. క్లీనింగ్‌లో కారిన సిరా గాలిలో కలవదు, తమరి పొట్ట అడుగున స్పాంజి ప్యాడ్‌లోకి పోతుంది. ఎంత పోయిందో తమరు లెక్క రాసుకుంటారు, లెక్క నిండిన రోజున మొరాయిస్తారు. రీసెట్ సాఫ్ట్‌వేర్ లెక్కని సున్నా చేస్తుందే గానీ స్పాంజిని ఆరబెట్టదు. ప్యాడ్ మార్చకుండా రీసెట్ కొడుతూ పోతే చివరికి టేబుల్ గుడ్డకి నల్లంచు చీర వస్తుంది.

పేపర్ జామ్ గురించి పెద్దవాళ్లకే తప్పలేదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఎంఐటీ ల్యాబ్‌కి జిరాక్స్ లేజర్ ప్రింటర్ వస్తే, జామైనప్పుడు వాడేవాళ్లకు కబురు పంపేలా దాన్ని సరిచేద్దామనుకున్నారు అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్. దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాము అసలు రాత, ఆయనకు ఇవ్వలేదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆ కోపం ఒక మూలమని ఆయనే చెప్పుకున్నారు. తమరు ఇంకా జామవుతూనే ఉన్నారు. కాగితం తీసేటప్పుడు ప్లగ్ తీసి, వెనక మూత తెరిచి, రెండు చేతులతో, వీలైనంతవరకు కాగితం నడిచే దిక్కుకే లాగాలి. లేజర్ అయితే పొడిని కాగితానికి కరిగించి అంటించే ఫ్యూజర్ సలసలా వేడిగా ఉంటుంది, చల్లారనివ్వాలి. అంతా తీసినా 'జామ్' అంటుంటే టార్చి వేసి చూడాలి: కాగితం దారిలో గోరంత నల్ల ప్లాస్టిక్ మీట ఉంటుంది. నొక్కితే వంగి, వదిలితే లేవాలి. దాని కింద చిరిగిన ముక్క ఒక్కటి ఉన్నా తమరికి లోకమంతా జామే. రెండేసి కాగితాలు మింగుతుంటే అది వానాకాలపు చెమ్మ. కట్టను విసనకర్రలా విదిలించి పెట్టాలి, మిగతాది రేపర్‌లోనే ఉంచాలి. అసలు లాగకపోతే రబ్బరు రోలర్‌ను తడిబట్టతో తిప్పుతూ తుడిచి ఆరనివ్వాలి.

తెలుగు పీడీఎఫ్‌లో అక్షరాలకు బదులు డబ్బాలు వేస్తే, అడోబ్ రీడర్‌లో ప్రింటు, అడ్వాన్స్‌డ్, 'ప్రింట్ యాజ్ ఇమేజ్'. వత్తులూ గుణింతాలూ బొమ్మగా వెళ్తాయి. తమరికి చదవాల్సిన శ్రమ తప్పుతుంది.

ఇట్లు,
ట్రేలో పడున్న ఎ4 కాగితం

తా.క. ఇంక్‌జెట్ వారైతే తమరి మీదున్న బటన్‌తోనే ఆపమని ఇంట్లోవాళ్లకు చెప్పాను. గోడ స్విచ్ టక్కున కట్టేస్తే హెడ్ తన మూత దగ్గరికి చేరకుండానే దారిలో ఆగిపోతుంది, నాజిళ్లు నోళ్లు తెరుచుకుని ఎండిపోతాయి. ఆ కటకట శబ్దం ఆగాకే ప్లగ్ తీస్తారు.