నత్తి పోలేదంటే సాధన చాలలేదనడం అన్యాయం

విశాఖపట్నంలో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక సందేశం మూడు మాటలు చెబుతోంది: నత్తి భయం వల్ల అబ్బిన అలవాటు, ఊపిరి నిండా తీసుకుని మాటను సాగదీసి పలికే టెక్నిక్‌ను 40 రోజులు సాధన చేస్తే అది శాశ్వతంగా పోతుంది, పోలేదంటే సాధన సరిగా చేయలేదన్నమాట. మూడూ తప్పే, మూడోది హానికరం కూడా.

నత్తి ఎక్కువగా 2 నుంచి 5 ఏళ్ల మధ్య, మాట్లాడటానికి జంకడమంటే ఏమిటో ఇంకా తెలియని వయసులో మొదలవుతుంది. తరచు ఒకే కుటుంబంలో పలువురికి ఉంటుంది. దీనితో సంబంధమున్న జన్యు మార్పులను అమెరికన్ జన్యు శాస్త్రవేత్త డెనిస్ డ్రేనా బృందం 2010లో గుర్తించింది. భయం తరువాత వస్తుంది, తోటివారు నవ్వడం వల్ల, పెద్దలు మాట అందుకుని తామే పూర్తిచేయడం వల్ల.

టెక్నిక్ పనిచేయదని నేను అనను. వేగం తగ్గించి, స్వరాన్ని మెల్లగా ఎత్తుకుని, పెదవులను నాలుకను తేలికగా తాకించి పలికితే స్పీచ్ థెరపిస్టు గదిలో కొద్ది రోజుల్లోనే మాట సాఫీగా వస్తుంది. అయితే బయట, చెప్పవలసిన విషయాన్ని ఆలోచిస్తూనే ప్రతి అక్షరాన్నీ గమనించుకోవడం అలసట కలిగిస్తుంది. అలా వచ్చే మాట తనది కానట్టు కూడా తోస్తుంది. అందుకే థెరపీ ముగిశాక నత్తి తిరిగి రావడం సాధారణం. ఇక సందేశంలోని విజయగాథల్లో చాలావరకు పసిపిల్లలవే: ఆ వయసు పిల్లల్లో ఎక్కువమందికి నత్తి దానంతటదే తగ్గుతుంది కనుక, ఆ ఘనతను టెక్నిక్ ఖాతాలో వేయలేము. (అలాగని తల్లిదండ్రులు ఊరికే వేచి ఉండకూడదు, థెరపిస్టుకు తొందరగా చూపించడమే మేలు.)

తప్పును సాధన మీదికి నెట్టినప్పుడు మనిషి నత్తిని దాచడం నేర్చుకుంటాడు. విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కిన యువకుడికి ‘గాజువాక’ అనే మాట గొంతులో ఆగిపోతుందని తెలిసి, దాని తరువాత వచ్చే కూర్మన్నపాలెం దాకా టికెట్ కొని గాజువాకలోనే దిగిపోతే, విన్నవారికి నత్తి కనిపించదు. ఆ సందేశం ప్రకారం అతడికి నయమైనట్టే; నిజానికి అతడి సమస్య పెరిగింది. తానూ నత్తితో పెరిగిన అమెరికన్ థెరపిస్టు చార్ల్స్ వాన్ రైపర్ ఈ దాపరికాన్నే ప్రధాన శత్రువుగా చూశాడు. ఆగిన మాటను పలికాక కాసేపు నిలిచి, అదే మాటను బిగువు లేకుండా మళ్లీ చెప్పడం, తరువాత ఆగిన క్షణంలోనే బిగువు సడలించడం ఆయన నేర్పిన పద్ధతులు. ఇవీ టెక్నిక్‌లే, కానీ ఇవి నత్తిని దాచడానికి కాదు, తడబడుతూనైనా చెప్పదలచినది చెప్పడానికి.

కనుక థెరపిస్టును ఎంచుకునేటప్పుడు స్పీచ్ థెరపిస్టులను నమోదు చేసే భారత పునరావాస మండలిలో (ఆర్‌సీఐ) నమోదు ఉందో లేదో చూడండి. ఫోన్‌లోనూ, బస్సులోనూ, ఇంటర్వ్యూలోనూ మాట్లాడే సాధన చేయిస్తారా అని అడగండి. ఇన్ని రోజుల్లో పూర్తిగా పోగొడతామని హామీ ఇచ్చేవారికి డబ్బు కట్టకండి.