హెడ్డింగ్ చివర ప్రశ్నార్థకం గారికి

అయ్యా ప్రశ్నార్థకం గారూ,

డెస్కులో అందరూ మిమ్మల్ని కొశ్చన్ మార్కు అంటారు. నేను మాత్రం గౌరవంగా పూర్తి పేరుతోనే పిలుస్తున్నాను. మా ఉద్యోగాలు చాలాసార్లు నిలబెట్టింది మీరే మరి. 'నిధులు మింగిన అధికారి' అని వేస్తే లాయర్ నోటీసు. 'నిధులు మింగిన అధికారి?' అని వేస్తే పరిశోధనాత్మక కథనం. ఒక కొక్కెం, కింద ఒక చుక్క. ఇంత బక్క ఒంటితో అంత నింద మోయడం మీకే చెల్లింది.

మీరు పుట్టింది అడగడానికి. హెడ్డింగులో చేరాక ఎవర్ని అడగాలో మర్చిపోయారు. పాఠకుణ్ణి అడుగుతున్నారు. పాపం, అతనికేం తెలుసు? తెలుసుకుందామనే కదా పేపరు తెరిచాడు!

ఒక రాత్రి ఎడిషన్ టైము ముంచుకొస్తోంది. రిపోర్టర్ ఐటెం పంపాడు. ఆరోపణ ఉంది, ఆ మనిషి వెర్షన్ లేదు. "ఫోన్ చేశావా?" అంటే "ఎత్తలేదు సార్" అన్నాడు. ఎన్నిసార్లు చేశాడో నేను అడగలేదు. మిమ్మల్ని తగిలించి పేజీ వదిలేసి, ఇంటికెళ్లి టెన్షన్ లేకుండా పడుకున్నాను. మర్నాడు ఆ మనిషే ఫోన్ చేశాడు. తిట్టలేదు. "అనుమానం ఉంటే నన్ను అడగాలి కదండీ, ఊరందర్నీ అడిగారేంటి?" అన్నాడు. నాలుగు రోజులకి లోపలి పేజీలో ఓ మూలన సవరణ వేశాం. అందులో మీరు లేరు. తప్పు ఒప్పుకునే చోటికి మీరు రారు, అది అప్పుడే గమనించాను.

చట్టం దగ్గర మీకు పలుకుబడి ఉందని డెస్కులో గట్టి నమ్మకం. అంత లేదు లెండి. భారతదేశంలో పరువునష్టం సెక్షన్ 1860 నాటి శిక్షాస్మృతిలో 499, 2024 జూలై నుంచి న్యాయ సంహితలో 356. అందులోనే ఉదాహరణలున్నాయి. గడియారం ఎవరు దొంగిలించారని అడిగితే, నోరు విప్పకుండా ఒకరి వైపు వేలు చూపించినా చాలు, దొంగ అతనేనని నమ్మించే ఉద్దేశం ఉంటే అది పరువునష్టమే. అదే ఉద్దేశంతో "అతను నిజాయితీపరుడు, ఆ గడియారం దొంగిలించనే లేదు" అన్నా అంతే. వేలు కాస్త వంచి చూపిస్తే ఏ ఆకారం వస్తుందో ఒకసారి అద్దంలో చూసుకోండి.

ఇంగ్లండ్ కోర్టులు నిందను మెట్లు కట్టి మరీ కొలిచాయి. 2002 నాటి ఛేజ్ కేసు ప్రకారం మూడు మెట్లు: నేరం చేశాడు, చేశాడని అనుమానించడానికి కారణాలున్నాయి, విచారణ జరపడానికి కారణాలున్నాయి. మీ పుణ్యమా అని వాక్యం ఒకటో రెండో మెట్లు దిగుతుందేమో. ఆ కారణాలు చూపించే పని మాత్రం మళ్లీ పేపరుదే. 1995లో ఛార్ల్‌స్టన్ కేసులో మీ పంట పండింది. హెడ్డింగ్ ఎంత ఘోరంగా ఉన్నా, కింది వార్తతో కలిపే చదవాలన్నారు జడ్జీలు. వార్త చివరిదాకా చదివే ఆ పాఠకుడు ఎవరో గానీ, ఇవాళ థంబ్‌నెయిల్ చూసి వేలితో పైకి తోసేసేవాడైతే కాదు.

భారత ప్రెస్ కౌన్సిల్‌కి మీరు భయపడక్కర్లేదు. 1978 చట్టం దానికి హెచ్చరించే, మందలించే అధికారమే ఇచ్చింది, జరిమానా వేసేది కాదు. టీవీ దాని పరిధిలోనే లేదు. అందుకేనేమో అక్కడ మీరు ఎర్రరంగు పూసుకుని, ముగ్గురేసి కలిసి తిరుగుతుంటారు.

నాదొక మనవి. రిపోర్టర్ నోట్‌బుక్‌లో మీకు బోలెడు ఖాళీలున్నాయి. ఈ కాగితం ఎవరిచ్చారు? ఇచ్చినవాడికేం లాభం? కింద సంతకం ఎవరిది? అక్కడ ఎప్పుడైనా చేరొచ్చు. జీతం పెద్దగా ఉండదు, అది మా అందరికీ ఉన్నదే.

ఇట్లు,
మిమ్మల్ని తెగ వాడుకున్న ఒక పాత సబ్ ఎడిటర్

తా.క.: ఈ లేఖకి 'ప్రశ్నార్థకమే దోషి?' అని హెడ్డింగ్ పెడదామన్నాడు ఒక మిత్రుడు. మీ వెర్షన్ కోసం ఫోన్ చేశాం. ఎత్తలేదు.