అగ్రిబిజినెస్ ఎంబీఏ చేస్తే ప్రభుత్వం 20 లక్షలు ఉచితంగా ఇస్తుందా?

ఏజీ బీఎస్సీ చివరి సంవత్సరం ఫలితాలు వచ్చే రోజులకల్లా ఒక వాట్సాప్ మెసేజ్ బయల్దేరుతుంది. ఈసారీ వచ్చింది. పిల్లల మేలు కోరేవాళ్లే ఒకరి తర్వాత ఒకరు పంపుతున్నారు. అందులో ఉన్నది ఇది: "అగ్రిబిజినెస్ ఎంబీఏలో చేరండి. ఏ డిగ్రీ అయినా చాలు, ఎంట్రన్స్ లేదు. నూటికి నూరు ప్లేస్‌మెంట్, ఏడాదికి 20 లక్షల జీతం. ఎండలో తిరిగే పని ఉండదు. ఎఫ్‌పీఓ సీఈఓ అయితే నెలకు లక్ష. సొంతంగా పెట్టుకుంటే ప్రభుత్వం 20 లక్షలు ఉచితంగా ఇస్తుంది, 2 కోట్ల వరకు వడ్డీ లేని రుణం. ఏఓ, బ్యాంకు ఉద్యోగాల్లో ప్రాధాన్యం. ఎమ్మెస్సీ టైమ్ వేస్ట్." కింద ఒక ఫోన్ నంబరు, "సీట్లు కొన్నే" అని తొందర.

ఎంట్రన్స్ సంగతి ముందు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్‌కి (జాతీయ వ్యవసాయ విస్తరణ యాజమాన్య సంస్థ), అహ్మదాబాద్, లక్నో ఐఐఎంలకి క్యాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరు కావాలి. క్యాట్ నవంబరు చివర్లో జరుగుతుంది, దరఖాస్తులు ఆగస్టు, సెప్టెంబరుల్లో. డిగ్రీ అయ్యాక ఈ మెసేజ్ చూసి లేచినవాడికి అప్పటికే ఒక ఏడాది పోయినట్టే. మేనేజ్‌కి వ్యవసాయం లేదా దాని అనుబంధ డిగ్రీ ఉండాలి, "ఏ డిగ్రీ అయినా" నడవదు. ఎంట్రన్స్ లేకుండా చేర్చుకునే కాలేజీ ఏదో, దాని ఫీజు ఎంతో ఆ ఫోన్ నంబరుకే తెలియాలి.

ఏఓ, అంటే వ్యవసాయాధికారి పోస్టుకు అర్హత ఏజీ బీఎస్సీ. బ్యాంకు ఉద్యోగాలకు ఐబీపీఎస్ పెట్టే పరీక్షలో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్‌ పోస్టుకి వ్యవసాయ, అనుబంధ శాస్త్రాల్లో నాలుగేళ్ల డిగ్రీ. రెండుచోట్లా ఎంబీఏ ఉందని ఎవరూ ముందు కుర్చీ వేయరు. ఐబీపీఎస్‌కి జనరల్ కేటగిరీలో వయోపరిమితి 30 కాబట్టి, ఆ ఉద్యోగమే లక్ష్యమైతే రెండేళ్ల కోర్సు ఆ గడువులోంచి రెండేళ్లు తినేస్తుంది.

ఇక అసలు ప్రమాదం: 20 లక్షలు ఉచితం అన్న మాట. దీన్ని నమ్మి పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టేవాళ్లున్నారు కాబట్టి దీని దగ్గర ఆగాలి.

ఇది 2002లో మొదలైన అగ్రి క్లినిక్స్, అగ్రి బిజినెస్ సెంటర్ల పథకం. మేనేజ్ శిక్షణ చూస్తుంది, జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ సబ్సిడీ చూస్తుంది. ముందుగా తెలుసుకోవాల్సిన విషయం, దీనికి ఎంబీఏ అవసరమే లేదు. ఏజీ బీఎస్సీ చాలు. వ్యవసాయ డిప్లొమా ఉన్నవాళ్లకీ దారుంది. గుర్తింపు పొందిన సంస్థలో 45 రోజుల శిక్షణ ఉచితం. అంటే ఎంబీఏ ఫీజు కట్టించుకోవడానికి చూపిస్తున్న ఎర, ఫీజు లేకుండానే దొరికే వస్తువు.

రెండోది, 20 లక్షలు అనేది ప్రభుత్వం ఇచ్చే సొమ్ము కాదు. ఒక వ్యక్తి ప్రాజెక్టుకు లెక్కలోకి తీసుకునే ఖర్చు పరిమితి అది. సబ్సిడీ అందులో 36 శాతం. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 44 శాతం. అంటే ఎక్కువలో ఎక్కువ 7 లక్షల 20 వేలు, లేదా 8 లక్షల 80 వేలు. అదీ చేతికి రాదు. శిక్షణ అయ్యాక ప్రాజెక్టు రిపోర్టు రాసి బ్యాంకుకు వెళ్లాలి. బ్యాంకు లోన్ మంజూరు చేసి, విడుదల చేశాక సబ్సిడీ కోసం నాబార్డ్‌కి రాస్తుంది. వచ్చిన సొమ్ము మన సేవింగ్స్ ఖాతాలో పడదు. లోన్ ఖాతా పక్కనే సబ్సిడీ రిజర్వ్ ఫండ్ అని వేరే ఖాతాలో ఉంటుంది. దానిమీద మనకు వడ్డీ రాదు, లోన్‌లో అంత భాగం మీద మనం వడ్డీ కట్టక్కర్లేదు. అసలు కట్టుకుంటూ వస్తే చివర్లో ఆ సొమ్ము సర్దుబాటవుతుంది.

లెక్కేసి చూడండి. 20 లక్షల ప్రాజెక్టుకు బ్యాంకు 15 శాతం మార్జిన్ అడిగిందనుకుందాం. మన జేబులోంచి 3 లక్షలు, లోన్ 17 లక్షలు. 7.2 లక్షల సబ్సిడీ పక్కన ఉంటే, మిగతా 9.8 లక్షల మీద వడ్డీ నడుస్తుంది. వాయిదాలు తప్పి యూనిట్ మధ్యలో మూతబడితే ఆ సబ్సిడీ వెనక్కి పోతుంది, లోన్ మన నెత్తిన మిగులుతుంది. ఇందులో "ఉచితం" ఎక్కడుంది? సరిగ్గా వాడుకున్నవాళ్లకు ఇది నిజంగా మంచి పథకం. అందుకే దానిమీద అబద్ధం చెబితే ఒళ్లు మండుతుంది.

2 కోట్ల మాటా అంతే. అది వ్యవసాయ మౌలిక వసతుల నిధి. గోదాము, కోల్డ్ స్టోరేజీ, గ్రేడింగ్ యూనిట్ లాంటివాటికి తీసుకున్న రుణంలో 2 కోట్ల వరకు, ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ. బ్యాంకు 9 శాతం వేస్తే మనం 6 కట్టాలి. 3 శాతం తగ్గడాన్ని "వడ్డీ లేని రుణం" అని రాసినవాడికి తెలియకపోవడం కాదు, మనకు తెలియదన్న ధీమా.

ఊళ్లో ఎరువుల షాపు పెట్టాలనుకునేవాళ్లకు ఈ మెసేజ్ చెప్పని సంగతి ఇంకోటుంది. విత్తనాలకు, ఎరువులకు, పురుగుమందులకు లైసెన్సులు వేర్వేరు. పురుగుమందుల లైసెన్సుకు చూసేది ఏజీ బీఎస్సీ లాంటి చదువు. బీకామ్ తర్వాత అగ్రిబిజినెస్ ఎంబీఏ చేశానంటే ఆ అర్హత రాదు. లైసెన్సు వచ్చినా ఏ కంపెనీ మందు అమ్మాలన్నా తన మందు అమ్ముకోవచ్చని ఆ కంపెనీ ఇచ్చే ప్రిన్సిపల్ సర్టిఫికెట్ అందులో ఎక్కించాలి. ఎరువులకైతే సరుకు ఎక్కడినుంచి వస్తుందో కంపెనీ రాసిచ్చే 'O' ఫారం. ఇవి లేకుండా స్టాకు దించితే, తనిఖీకి వచ్చినవాళ్లు అమ్మకాలు ఆపేస్తారు.

ఎఫ్‌పీఓ, అంటే రైతు ఉత్పత్తిదారుల సంఘం, దాని సీఈఓకి నెలకు లక్షట! 2020లో మొదలైన 10 వేల ఎఫ్‌పీఓల పథకం సీఈఓ జీతానికి ఇచ్చే సాయం నెలకు 25 వేల వరకే, అదీ మూడేళ్లు. ఆపైన ఇవ్వాలంటే సంఘం వ్యాపారం చేసి సంపాదించాలి.

"ఎండలో తిరిగే పని ఉండదు" అన్న మాట ఈ చదువుకే అవమానం. విత్తన, పురుగుమందుల కంపెనీలు మేనేజ్‌మెంట్ ట్రైనీగా తీసుకుని ముందు పంపేది టెరిటరీకే, అంటే అమ్మకాల కోసం అప్పగించిన ఊళ్లకే. పంపాలి కూడా. పత్తి విత్తనాలే తీసుకోండి. బీజీ-2 అనే బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ గరిష్ఠ ధర కేంద్రం నిర్ణయిస్తుంది, 2024-25లో 864 రూపాయలు. ధర పెంచుకునే వీల్లేదు కాబట్టి పోటీ అంతా డీలర్ మార్జిన్‌లో, అరువులో, సకాలంలో స్టాకు చేర్చడంలో. మే నెలలో డీలర్‌కి 500 ప్యాకెట్లకు బిల్లు కొడితే టార్గెట్ నిండినట్టు కనిపిస్తుంది. జూన్‌లో వాన ముఖం చాటేస్తే రైతు మొక్కజొన్నకు మళ్లుతాడు, 200 ప్యాకెట్లు ర్యాకులోనే ఉంటాయి. అవి సేల్స్ రిటర్న్‌గా వెనక్కి వస్తాయి. విత్తనానికి పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలే చెల్లుబాటు, ఆపైన మళ్లీ మొలక పరీక్ష చేయించాల్సిందే. అందుకే కంపెనీల్లో లిక్విడేషన్ అడుగుతారు: బిల్లు ఎంతకు కొట్టావని కాదు, ప్యాకెట్ రైతు చేతికి ఎంత చేరిందని. దుకాణంలో ర్యాకు ముందు నిలబడి లెక్కపెట్టనివాడికి ఏసీ గదిలో ఆ అంకె ఎప్పటికీ అర్థం కాదు.

20 లక్షల జీతం సంగతిలో ఒకటి ఒప్పుకుంటాను. అహ్మదాబాద్ ఐఐఎంలో ఆ అంకె అబద్ధం కాదు. ఆ అంకెను క్యాట్ లేని కాలేజీ బ్రోచర్ మీద వేయడమే మోసం.

మరొకటి కూడా ఒప్పుకోవాలి. ఎమ్మెస్సీ టైమ్ వేస్ట్ అన్నది పరిశోధన మీద ఇష్టమున్నవాళ్ల విషయంలో తప్పుడు మాటే. కానీ వేరే దారి తెలియక ఎమ్మెస్సీలో చేరి, ఆ తర్వాత పీహెచ్‌డీ, ఆపైన యూనివర్సిటీ నోటిఫికేషన్ కోసం ఏళ్లతరబడి ఎదురుచూస్తున్నవాళ్లు మన చుట్టూ ఉన్నారు. లెక్కలు, మార్కెట్, మనుషులతో మాట్లాడటం ఇష్టమైన కుర్రాడికి అగ్రిబిజినెస్ నిజంగా మంచి దారి. ఆ ఒక్క చోట మెసేజ్ రాసినవాడు నాకన్నా ముందే నిజం చెప్పాడు.

ఆ నంబరుకు ఫోన్ చేసేవాళ్లు మూడు అడగండి. నిరుటి బ్యాచ్‌లో ఎంతమంది చేరారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మధ్యస్థ జీతం, అంటే జీతాలన్నీ వరసగా పేరిస్తే సరిగ్గా మధ్యలో ఉండేది ఎంత? సగటు చెబితే ఒప్పుకోవద్దు. ఒక్కడికి 20 లక్షలొస్తే సగటు పెరుగుతుంది. చెప్పిన జీతంలో స్థిరంగా వచ్చేదెంత, టార్గెట్ కొడితేనే వచ్చేదెంత? ఇచ్చేది యూనివర్సిటీ ఎంబీఏ పట్టానా, పీజీడీఎం అనే డిప్లొమానా? డిప్లొమా అయితే సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతి పత్రం, తర్వాత పీహెచ్‌డీ ఆలోచన ఉంటే ఎంబీఏతో సమానమని యూనివర్సిటీల సంఘం (ఏఐయూ) గుర్తింపు కాగితం, రెండూ ఫీజు కట్టకముందే వాట్సాప్‌లో పంపమనండి.