ఓరుగల్లుకు ఓడల కార్ఖానా కావాలె

ఓడల తయారీకి కేంద్రం 2025 సెప్టెంబరులో 69,725 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది, మహారాష్ట్ర అదే ఏడాది సొంతంగా ఒక పాలసీయే తెచ్చుకుంది, విశాఖలోనైతే 1948లోనే నెహ్రూ వచ్చి ‘జల ఉష’ను నీళ్లలోకి దింపి పోయాడు. మన తెలంగాణలో మాత్రం ఉలుకూ పలుకూ లేదు. అడిగితే సముద్రం లేదంటారు.

గణపతిదేవుడు కూచున్నది ఓరుగల్లులోనే కదా, మరి 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం ఎట్లా వేయించాడు? అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల్లోని సరుకంతా లాక్కునేవాళ్లట, ఈయన ముప్పైకి ఒక వంతు సుంకం చాలన్నాడు. (అప్పట్లో తీరం ఆయన రాజ్యంలోనే ఉందనుకోండి, అది వేరే సంగతి.)

సముద్రం చూడాలనుకున్నోళ్లు 2023 జులై 27న వరంగల్ హంటర్ రోడ్డుకు రావాల్సింది. మా అత్తమ్మ వాళ్ల గల్లీలో పడవ గేటు మీది నుంచే లోపలికొచ్చింది, గడియ తీసే పనే పడలేదు. ఆమె మేడ మెట్ల మీద బియ్యం డబ్బా నెత్తిన పెట్టుకుని నిలబడి, ‘నన్ను తర్వాత ఎక్కించుకోండ్రి బిడ్డా, ముందు ఆ సిలిండర్ పోతున్నది, పట్టుకోండ్రి’ అని ఒకటే కేక. సిలిండర్ అప్పటికే పక్కింటి జామచెట్టు దాటింది.

కాకతీయులు చెరువు నుంచి చెరువుకు అలుగు నీళ్లు పోవడానికి కాలువలు పెడితే, మనం వాటి మీద ప్లాట్లు చేసి, ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణ) ఫీజు కూడా కట్టి రసీదు జాగ్రత్తగా దాచుకున్నాం. నీళ్లకు రసీదు కాపీ అందినట్టు లేదు, పాత దారినే వస్తున్నాయి.

ఖర్చు గురించి సర్కారు టెన్షన్ పడాల్సిన పని లేదు. డ్రై డాక్ అంటే ఏంది? నీళ్లు తోడేసిన గుంతలో ఓడ కట్టి, పని అయ్యాక నీళ్లు వదిలితే అదే తేలుతుంది. మా గల్లీ ఎండాకాలమంతా ఎండుతుంది, వానాకాలం దానంతటదే నిండుతుంది, పంపుల కరెంటు బిల్లు కూడా మిగిలినట్టే. ఇప్పటికిప్పుడు కట్టమనడం లేదు, శంకుస్థాపన రాయి వేసినా చాలు. కాజీపేట కోచ్ ఫ్యాక్టరీ కోసం చూసి చూసి ఒక తరం రిటైరైన ఊరు మాది, ఎదురుచూడటం మాకు కొత్త కాదు.

అత్తమ్మకు ఇవేవీ పట్టవు. జూన్ రాగానే కొత్త సిలిండర్‌ను మెట్ల రెయిలింగ్‌కు గొలుసుతో కట్టి తాళం వేస్తుంది. లంగరు తయారైంది, ఇక ఓడే మిగిలింది.